మగ్గం గదిలో బ్యాంకు

ఎమ్మిగనూరులో మా వీధికి బ్యాంకు కొత్త బ్రాంచి వస్తుందంటే అందరికంటే ఎక్కువ సంబరపడింది మా అన్న. బాడుగకు వాళ్లకు నచ్చింది మా ముందు గదే మరి. అన్న గుంత మగ్గం ఉన్నది ఆ గదిలోనే. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు దించి నేసే మగ్గం అది. గది చూడడానికి వచ్చిన మేనేజరు నేలంతా చదును చేయించమన్నాడు. పోతూ పోతూ, "అటెండరుగా ఈ ఊరివాళ్లనే తీసుకుంటాం" అని ఒక మాట వదిలాడు. ఆ ఒక్క మాటకే అన్న పడిపోయాడు.

"ఎనక గదిలో ఇంకో గుంత తవ్వుకోప్పా, మగ్గం ఆడికి మారుద్దాం" అన్నాడు నాన్న.

"బ్యాంకులో పని సేసేవానికి మగ్గమెందుకు నాయినా?" అన్నాడు అన్న.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నాన్న గొణిగాడు. అన్న వింటేగా. గుంత పూడ్చాడు, మగ్గం అమ్మాడు, తెల్ల చొక్కాలు రెండు కుట్టించుకున్నాడు.

బ్రాంచి తెరిచిన రోజు స్థానికులకు ఉపాధి అంటూ బ్యాంకు పెద్దసారు మైకులో చెబుతుంటే, అన్న అందరికీ కూల్‌డ్రింకులు పంచుతున్నాడు. మర్నాటి నుంచి పొద్దున్నే వెళ్లి ఊడ్చేవాడు, కుర్చీలు సర్దేవాడు, ముసలివాళ్లకు స్లిప్పులు రాసిపెట్టేవాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. ఆర్డరు నేడో రేపో వస్తుందని ఇంట్లో అందరం నమ్మాం.

ఒకరోజు ఆర్డరు పట్టుకుని వేరే ఊరి మనిషి వచ్చాడు. నేను మండిపోతూ వెళ్లి మేనేజరును అడిగాను. "మా చేతిలో ఏముందమ్మా, ఏజెన్సీ వాళ్లు పంపుతారు" అన్నాడాయన, కంప్యూటరు మీది నుంచి చూపు తిప్పకుండానే. మరి ఆ ముక్క ఆ రోజే చెప్పడానికి నోరు రాలేదా? బాడుగ వస్తోంది, కాదనను. అది నాన్న మందులకే సరి. అన్న ఆదోనిలో జిన్నింగు మిల్లుకు వెళ్లి, పత్తి దుమ్ముకు దగ్గు తెచ్చుకుని తిరిగొచ్చాడు. ఇప్పుడు వేరేవాళ్ల మగ్గం మీద కూలికి నేస్తున్నాడు.

మొన్న మధ్యాహ్నం అన్న అన్నానికి కూర్చున్నాడో లేదో, ఆ కొత్త అటెండరు వచ్చి బ్యాంకులో నీళ్లు రావడం లేదు, మోటారు ఆగిపోయిందన్నాడు. అన్న కంచం ముందు నుంచి లేచాడు.

"యాడికి పోతాండావు? వాళ్లు నీకేమిచ్చినారని?" అని అరిచాను.

"ఇల్లు మనదే కదమ్మా" అన్నాడు చేయి కడుక్కుంటూ.

ఆ కంచం తీసి గోడకేసి కొట్టాలనిపించింది నాకు.