కెప్టెన్సీ పోయిన ఏడాది

కెనడాలోని హాలిఫాక్స్‌లో మా పక్కింటి పెద్దాయన వయసులో ఉన్నప్పుడు ఇంగ్లాండ్‌లో ఫుట్‌బాల్ ఆడేవారు. ఒక చిన్న ఊరి క్లబ్బుకు ఏళ్ల తరబడి కెప్టెన్. భార్య పోయాక కూతురికి దగ్గరగా ఉందామని ఇక్కడికి వచ్చేశారు. శనివారం పొద్దున అక్కడి మ్యాచ్ టీవీలో మొదలయ్యే వేళకు మా అమ్మాయి వాళ్లింట్లో ఉండేది.

తనూ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. పదో తరగతిలో ఉండగా మోకాలికి దెబ్బ తగిలింది. చలికాలమంతా ఆట లేదు. కోలుకుని వెళ్లేసరికి కోచ్ కెప్టెన్సీని వేరే అమ్మాయికి ఇచ్చేసింది. మా అమ్మాయి ఇంటికొచ్చి బ్యాగు గుమ్మంలోనే పడేసింది.

"ఏమైంది తల్లీ?"

"ఐ యామ్ డన్, అమ్మా. నాట్ గోయింగ్ బ్యాక్."

"కెప్టెన్ కాకపోతే ఏం, ఆడొచ్చుగా?" అన్నాను. తలుపు వేసేసుకుంది.

ఆ శనివారం తను పక్కింటికి వెళ్లలేదు. పెద్దాయనే మా ఇంటికి వచ్చారు. నేను టీ ఇచ్చి, జరిగింది చెప్పాను. ఆయన గొంతు విని మా అమ్మాయి గదిలోంచి వచ్చింది. ఆయన ఓదార్చలేదు. తన సంగతి చెప్పారు. ఇంగ్లిష్‌లో చెప్పినా నాకది తెలుగులోనే గుర్తుండిపోయింది.

"ముప్పై దాటాక నా పరుగు తగ్గింది. ఒకరోజు మేనేజర్ పిలిచి, ఇకనుంచి కెప్టెన్ వేరే కుర్రాడు అన్నాడు. క్లబ్బులో చేరిన కొత్తలో నా బూట్లు తుడిచినవాడే అతను. అప్పట్లో కొత్తవాళ్ల చేత ఆ పని చేయించేవారు. ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పలేకపోయాను. పేపర్లో చదివి తెలుసుకుంది."

"డిడ్ యూ క్విట్?" అంది మా అమ్మాయి.

"నాకు వేరే పని రాదమ్మా. వెళ్లాను. కెప్టెన్‌గా ఎప్పుడూ అందరికన్నా ముందు మైదానంలోకి నడిచినవాణ్ణి. ఆ రోజు వరుసలో చివర నిలబడ్డాను. నా ముందున్న గోల్‌కీపర్ చేతులు వణుకుతున్నాయి. ఏళ్లుగా నాతో ఆడుతున్న మనిషి. ప్రతి మ్యాచ్‌కీ అలాగే వణికేవాడట. నేనెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు."

"సో వాట్ డిడ్ యూ డూ?"

"ఏం చేస్తాను? భుజం మీద చెయ్యి వేశాను. కొత్త కెప్టెన్‌తో మాత్రం చాన్నాళ్లు ముభావంగానే ఉన్నాను. అంత మంచివాణ్ణేం కాదు."

తను నవ్వింది. ఆ వారంలో అదే మొదటి నవ్వు.

తర్వాతి ప్రాక్టీస్‌కు డ్రైవ్ చేయమని తనే అడిగింది. సన్నగా వాన పడుతోంది. నేను కార్లోనే కూర్చుని చూశాను. తను నేరుగా కొత్త కెప్టెన్ దగ్గరికి వెళ్లి ఏదో అంది. ఆ పిల్ల తలూపింది. పిల్లలకు ముందుండమనే నేర్పాను గాని, ముందున్న చోటు చెయ్యి జారినప్పుడు ఏం చేయాలో నా దగ్గర మాట లేదని అప్పుడు తోచింది.

ఆ సీజన్లో వాళ్లు ఎక్కువగా ఓడిపోయారు. కెప్టెన్సీ మళ్లీ తనకు రాలేదు. ఇప్పుడు యూనివర్సిటీలో, వారాంతాల్లో, సరదాకి ఆడుతోంది.