ఊరి బయట పేల్చిన తుపాకి

నేను పోలీసు కనిష్టీబుగా బతికింది ఆత్మకూరులో. పుట్టింది ఉదయగిరి కొండ కింద ఒక పల్లెలో. మధ్యలో రెండు రోజుల నడక. వయసులో ఉన్నప్పుడు ఆ దోవ నడవాల్సినన్ని సార్లు నడవలేదు. ఇప్పుడు నడుద్దామంటే కాళ్ళు రావు, పోయినా పలకరించేవాళ్ళు లేరు. అందుకని కూర్చోని చెప్పుకుంటా ఉండాను. వినేవాళ్ళు లేకపోయినా పరవాలేదు, నాకది అలవాటే.

ధాత ఏడు వచ్చిన పెద్ద కరువులో అమ్మా నాయనా ఒక నెల తేడాతో పోయినారు. మిగిలింది ముగ్గురం, మా అన్న, వదినె, నేను. గంజి పోసే దొడ్డి దగ్గర వరసలో కూర్చోని ఉంటే ఒక పోలీసు హెడ్డు నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఎండిపోయినావు గాని ఎముక గట్టిగానే ఉండాది. కొలువులో చేరతావా?" అన్నాడు. నేను అన్న మొహం చూసినాను. "పో అబ్బయ్యా. ఒక కడుపన్నా నిండుద్ది" అన్నాడు అన్న. అట్టా పోయినాను. ఎర్ర తలపాగా పెట్టిన పూట అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను. మూడోసారి అడగబోతే అన్నావదినెలు గుర్తొచ్చి లేచి చెయ్యి కడుక్కున్నాను.

మా కొండ కింద సేద్యం చేసే ప్రతి ఇంట్లోనూ తుపాకి ఉండేది. నిప్పుతాడుతో అంటించి పేల్చే పాతకాలంది, మనిషంత పొడుగు. చేలల్లోకి పందులొస్తాయి, ఎలుగ్గొడ్లొస్తాయి, ఎప్పుడన్నా చిరతపులి కూడా వస్తుంది. ఆ తుపాకిని భుజాన వేసుకోని నలుగురికీ కనపడేటట్టు నడిచేవాళ్ళం. కంబళిలో చుట్టి దాచుకోని పోయేవాణ్ణి దొంగ అనుకునేవాళ్ళు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. అందులో ఒకసారి మందు కూరినాక పేలిస్తే తప్ప ఖాళీ కాదు. అందుకని పరాయి ఊరికి పోయినప్పుడు పొలిమేర రాయి దగ్గర నిలబడి, గొట్టం ఆకాశానికెత్తి పేల్చేవాళ్ళం. నా తుపాకిలో ఏమీ లేదు, చుట్టంగా వస్తా ఉండాను అని చెప్పడం అది. మందు కూరిన తుపాకితో ఊళ్ళో కాలు పెట్టినాడంటే తగాదాకి వచ్చినట్టే. ఆ చప్పుడు వింటే మా అమ్మ వచ్చేది ఎవురో ఏమో అడక్కుండానే ఎసట్లో ఇంకో పిడికెడు గింజలు పోసేది.

నేను కొలువులో చేరిన రెండో ఏడు కొత్త చట్టం వచ్చింది. సర్కారు చీటీ లేకుండా ఎవురూ తుపాకి పట్టుకోని తిరగకూడదు. అంతకుముందు కూడా ఏదో చట్టం ఉండిందంట గాని, దాని సంగతి మా కొండ దిక్కుకొచ్చి చెప్పినవాడు లేడు. ఈసారి చెప్పేదానికి మమ్మల్ని తోలినారు. తెల్లదొరలు మాత్రం చీటీ గీటీ లేకుండానే వేటకి పోయేవాళ్ళు. వాళ్ళ తుపాకులు తుడిచి పెట్టింది కూడా మేమే.

కలిగిరి సంతలో ఒకరోజు నలుగురు రైతులు తుపాకులు భుజాన వేసుకోని ఉప్పు కొంటా ఉండారు. మా హెడ్డు పోయి "దించండి అవి" అన్నాడు. అందులో పెద్దాయన బేరం ఆపకుండానే, "నీ తలపాగా నువ్వు ముందు దించు, తర్వాత చూద్దాం" అన్నాడు. సంతంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, మింగుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. హెడ్డు తుపాకి మీద చెయ్యేసినాడు, వాళ్ళు తోసినారు, గుంపులో నుంచి ఎవురో రాయి విసిరినారు. మా వాడొకడికి కంటి పక్కన పగిలింది. రెండు తుపాకులు గుంజుకోని, దెబ్బలు తిని, ఆత్మకూరు చేరినాము. ఆనాటి నుంచి ఠాణాలో తలుపు గట్టిగా కొట్టుకున్నా అందరూ ఉలిక్కిపడేవాళ్ళు.

ఈ గొడవలో నేను ఏ పక్క మనిషినో నాకే తెలిసేది కాదు. ఠాణాలో నన్ను 'కొండోడా' అని పిలిచేవాళ్ళు. కొండ దిక్కుకి పోతే పోలీసోడు వచ్చినాడని తలుపులు వేసుకునేవాళ్ళు. నీళ్ళడిగితే కుండలో లేవనేవాళ్ళు, కుండ చుట్టూ తడి కనపడతానే ఉండేది. ఆత్మకూరులో మంగలి ముందు కూర్చుంటే అప్పటిదాకా వాగుతా ఉన్న నోళ్ళన్నీ మూతపడేవి. నేను కూడా ఏం మాట్లాడాలో తెలీక గడ్డం గీయించుకోని వచ్చేసేవాణ్ణి. సాయంత్రం నా కొట్టంలో ఒక్కణ్ణే కూర్చోని, ఈ పొద్దుకి అన్న చేను నుంచి వచ్చి ఉంటాడు, వదినె సంకటి కెలుకుతా ఉంటుంది అనుకుంటా తినేవాణ్ణి. అంతకు మించి నాకు తోడు లేదు.

ఒకరోజు ఇన్‌స్పెక్టరు మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి, "మీ ఇళ్ళల్లో ఎవరికన్నా తుపాకి ఉండాదా? దాస్తే కొలువు ఊడుద్ది" అన్నాడు. నా వంతు వచ్చినప్పుడు లేదు అన్నాను. ఎందుకన్నానో చెప్తాను. ఉండాదంటే వెంటనే పోయి లాక్కొస్తారు. చీటీ సంగతి తర్వాత చూద్దామంటారు. అట్టా లాక్కొచ్చినవి ఠాణా వెనక గదిలో కట్టెల మోపు మాదిరి పడి తుప్పు పడతా ఉండాయి. ఆ ఏడు మా అన్న రెండేళ్ళ ఎండ తర్వాత మొదటిసారి సజ్జ వేసినాడు. విత్తనం సీతారామపురం దిక్కు నుంచి నెత్తిన మోసుకోని తెచ్చినాడు. కరువులో చేలు బీళ్ళు పడి అడవి పందులు మందలు మందలు దిగతా ఉండాయి. కంకి పాలు పోసుకునే రోజులు. ఇంకో ఇరవై రోజులు ఆ తుపాకి మంచె మీద ఉంటేనే ఆ ఇంట్లో ఏడాదికి తిండి. లేకపోతే మళ్ళీ గంజి దొడ్డే, అదన్నా ఉంటే.

తాసిల్దారు మాత్రం పద్ధతైన మనిషి. పైరు కాపలాకని అడిగిన రైతులకి, తుపాకి ఎదురుగా పెడితే దాని మీద నంబరు కొట్టించి, చీటీ రాసిచ్చేవాడు. ఎవురూ పట్టుకోకముందే అన్నకి ఆ చీటీ రాయించాలని నా ఆత్రం. చింతపండు బండ్లు తోలే ఒకాయన ఉదయగిరి పోతా ఉంటే, "మా అన్నని తుపాకి తీసుకోని ఆత్మకూరు తాసిల్దారు కచేరీకి రమ్మని చెప్పు. మిగతాది నేను చూసుకుంటా" అని కబురు పెట్టినాను. అంతే చెప్పినాను. పొలిమేర దగ్గర పేల్చొద్దని చెప్పలేదు. నాకు తోచలేదు. రెండేళ్ళు తలపాగా పెట్టేసరికి మా ఊరి పద్ధతి నా బుర్రలో నుంచి అట్టా జారిపోయింది. ఆ మతిమరుపుకి నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

గొడ్లు మేతకి పోయే పొద్దు. నేను ఠాణా గుమ్మం దగ్గర పహరాలో ఉండాను. పడమటి దిక్కు నుంచి ధన్ మని వినపడింది. "కాల్చినారు, మన మీదికొచ్చినారు" అని హెడ్డు లోపల నుంచి అరిచినాడు. అందరూ సర్కారు తుపాకులు అందుకోని పరిగెత్తినారు. నాకు మాత్రం ఆ చప్పుడు చెవిన పడంగానే తెలిసిపోయింది. గొంతు ఎత్తి చెప్పొచ్చు, అది మా వాళ్ళ పద్ధతి, భయపడబాకండి అని. చెప్పలేదు. నేనూ వాళ్ళ వెనకే పరిగెత్తినాను.

అన్న పొలిమేర రాయి పక్కన నిలబడి ఉండాడు. తుపాకి గొట్టం ఇంకా పైకే ఉండాది, పొగ తేలతా ఉండాది. దోవ పొడుగునా దుమ్ము కొట్టుకోని, కొత్తగా ఉతికిన పంచె కట్టుకోని, నవ్వుతా ఉండాడు. ఎదురొచ్చేది అంతా ఎర్ర తలపాగాలే కదా, అందులో నేను యాడ ఉండానా అని ఒక్కో మొహమే చూస్తా ఉండాడు. నన్ను చూసేలోపలే మా వాడొకడు తుపాకి మడమతో భుజం మీద కొట్టినాడు. అన్న కిందపడినాడు. పడినాక నన్ను చూసినాడు. నోరు తెరిచి పిలవబోయినాడు.

అప్పుడే ఇన్‌స్పెక్టరు వచ్చి, "ఎవుడ్రా వీడు? మీలో ఎవరికన్నా తెలుసా?" అన్నాడు.

తెలుసు అంటే నేను వరసలో ఆడిన అబద్ధం బయటపడుద్ది. కొలువు పోద్ది, ఎట్టాగూ తుపాకి పోద్ది. కాసేపాగి హెడ్డుని పక్కకి పిలిచి మెల్లిగా చెప్తాను, సర్దుకుంటుంది అనుకున్నాను. ఇదంతా తర్వాత నేను పేర్చుకున్న లెక్క. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. నేను నోరు తెరవకపోవడం చూసి, అన్న కూడా నోరు మూసుకున్నాడు.

మర్నాడు కచేరీలో పెట్టినారు. అన్నని తెచ్చి నిలబెట్టే పని నాకే పడింది. చేతులకి కట్టిన తాడు కొస నా చేతిలో ఉండాది. తాసిల్దారు "చీటీకి వచ్చినానంటా ఉండావు, మరి ఎందుకు పేల్చినావు?" అని మంచిగానే అడిగినాడు. అన్న ఉన్నదున్నట్టు చెప్పినాడు. ఖాళీ చేసుకోని ఊళ్ళోకి రావడం మర్యాద దొరా, అన్నాడు. గుమాస్తాలు నవ్వినారు. తాసిల్దారు నవ్వలేదు. "ఇట్టాంటి మర్యాద నేనెప్పుడూ వినలేదు. నువ్వు చెప్పేది నిజమని చెప్పేవాళ్ళు, నీ మనిషి, ఈ ఊళ్ళో ఎవురన్నా ఉండారా?" అన్నాడు.

అన్న నా దిక్కు చూడలేదు. చూస్తే నేను బయటపడతానని చూడలేదు. ఎదురుగా గోడ మీద పెట్టినాడు చూపు. తాసిల్దారు కలం మసిబుడ్డిలో ముంచి, రాయకుండా కొంచెంసేపు ఆగినాడు. ఒక మాట చెప్పేదానికి ఆ ఆగడం చాలు. నాకు చాల్లేదు.

"ఎవురూ లేరు దొరా" అన్నాడు అన్న.

నెల రోజులు జైలు, తుపాకి జప్తు. తెల్లారితే జిల్లా జైలుకి తోలతారు. సాయంత్రం అన్నని పెట్టిన గదికి చెంబుతో నీళ్ళు తీసకపోయినాను. తాగినాడు. వాచిన భుజం పట్టుకోని, "సజ్జలు పాలు పోసుకున్నాయిరా. మీ వదినె ఒక్కతే ఉండాది. నువ్వు ఆడికి పో" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బాగుండేది, కాళ్ళ మీద పడి ఏడ్చేవాణ్ణి.

సెలవడిగితే, సంత గొడవలు సద్దుమణగనీ, అప్పుడు చూద్దాం అన్నారు. తలపాగా ఆడ పారేసి పోయుండొచ్చు. పోలేదు. సెలవిచ్చిన రోజుకి పన్నెండు రోజులైంది. రెండు రోజుల దోవ ఒకటిన్నర రోజులో నడిచినాను. పొలం చేరేసరికి మొదళ్ళు తప్ప ఏమీ లేవు. నేలంతా పందుల ముట్టెలతో దున్నినట్టుండాది. వదినె మంచె కింద కూర్చోని ఉండాది, పక్కన కొట్టి కొట్టి పగిలిన పాత తప్పెట. అరిచి అరిచి ఆమెకి గొంతు పోయింది. నన్ను చూసి గుసగుసగా, "ఆయన యాడ?" అంది. జైల్లో ఉండాడని చెప్పినాను. జరిగింది కూడా చెప్పినాను, నా సంగతి ఒక్కటి తప్ప.

"నువ్వు ఆడ లేవా?" అంది.

"ఉండాను వదినా."

ఆమె లేచి ఇంటి దోవ పట్టింది. ఆ పూట ఎక్కడో అడిగి తెచ్చిన పిండితో సంకటి చేసి, నాకు పెట్టి, బయటకి పోయి కూర్చుంది. నాకు ఎదురుగా కూర్చోని తినడం అదివరకు ఆమెకి అలవాటు. ఆ ఇంట్లో ఆ పిండి పారేసే హక్కు నాకు లేదు, తినేసినాను.

అన్న విడుదలైనాక ఆత్మకూరు మీదుగా రాలేదు. చేజర్ల దిక్కు నుంచి చుట్టు తిరిగి పోయినాడని తర్వాత తెలిసింది. నాకు మళ్ళీ సెలవు దొరికి ఊరికి పోయేసరికి ఇంటికి తలుపు లేదు, లోపల పొయ్యి రాళ్ళు లేవు. ఎక్కడికి పోయినారని పక్కింటోళ్ళని అడిగితే మాకేం తెలుసు అన్నారు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకోని తిరిగిన అవ్వ కూడా అదే మాట అంది. పోలీసోడికి ఎవరి జాడా చెప్పరు మా వాళ్ళు, నాకది తెలియంది కాదు.

కొలువు చేస్తానే ఉండిపోయినాను. హెడ్డునైనాను. పెళ్ళి మాట ఎత్తేదానికి పెద్దదిక్కు లేక, నా అంతట నేను ఎత్తే మొహం లేక, అట్టనే గడిచిపోయింది. పండగొస్తే పహరా నేనే అడిగి వేయించుకునేవాణ్ణి, మిగతావాళ్ళు ఇళ్ళకి పోతారని. వాళ్ళు నన్ను మంచోడనేవాళ్ళు.

పింఛను పుచ్చుకున్నాక, ఎవురో బండి మనిషి మాటల్లో తెలిసింది, ఉదయగిరి నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం చేజర్ల పక్కన వరి పొలాల్లో కూలి చేసుకోని బతికినారని. తలపాగా లేకుండా, ఉత్త పైగుడ్డతో పోయినాను. గుడిసె ఖాళీగా ఉండాది. పక్క వాకిట్లో ఒకామె వడ్లు చెరుగుతా ఉండాది. అడిగితే, ఆయన పెళ్ళాం ముందు ఏడు పోయింది, ఆయన మొన్న ఎండాకాలంలో పోయినాడు అని చెప్పింది. పిల్లా జెల్లా లేరు, ఊళ్ళోవాళ్ళమే సాగనంపినాము అంది.

"మంచోడు పాపం. తమ్ముడొకడుండేవాడంట. ధాత కరువులో పోయినాడంట. వాడుంటే నాకు ఇట్టా ఉండేది కాదు అని ఎప్పుడూ చెప్పేవాడు" అంది. చాట కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు ఆయనకి ఏమైతావు నాయనా?"

అన్న అన్నేళ్ళు మోసిన మాటని నేను పోయి అబద్ధం చేయలేకపోయినాను. చేసే ధైర్యం ఉందో లేదో కూడా నాకు తెలీదు.

"ఏమీ కాను తల్లీ. ఈ దోవన పోతా ఉండాను" అన్నాను. ఆమె చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది. తాగి, చెంబు ఆమె చేతికిచ్చి, వచ్చేసినాను.