పాట తెగకూడదు

మా అక్క రీపెకా గొంతు వినని ఇల్లు మా దేశంలో లేదు. ఆవిడ పాడిన సోల్ పాటలు విన్నవాళ్ళు కొందరు, జాజ్ విన్నవాళ్ళు ఇంకొందరు. వెన్న ప్రకటన మాత్రం అందరూ విన్నారు. రొట్టె మీద వెన్న కరుగుతుంటే "మ్మ్" అంటూ సాగే ఆ గొంతు ఆవిడదే. మా ఊరి పిల్లలు 'వెన్న అత్తా' అని పిలిస్తే ఏమాత్రం సిగ్గుపడకుండా పలికేది.

నా పేరు హేనీ. ఆవిడ పినతల్లి కూతుర్ని. మా తెగవాళ్ళంతా పండక్కీ చావుకీ కలిసే సభాప్రాంగణం మరాయెలో వంటశాల నా చేతిలో ఉంటుంది. ముంగిట సభలో మగవాళ్ళు ఎంత గొప్పగా మాట్లాడినా, వచ్చిన చుట్టాలు ఆకలితో వెళ్తే మాట పడేది నేనే.

అక్క పదిహేడో ఏట మాంసం కార్ఖానాలో పనికి చేరింది. "పాటలు ఆపి పని చూడు" అని మేస్త్రి అన్నాడట. "పాట ఆపితే పని కూడా ఆగుతుంది" అని, ఆ వారమే ఆక్లాండ్ బస్సెక్కింది. అక్కడ డాన్సు హాళ్ళలో, తర్వాత సిడ్నీ క్లబ్బుల్లో, ఆ తర్వాత షికారు ఓడల మీద పాడింది. నాటకాల్లో రెండుసార్లు రాణి వేషం, ఒకసారి శవం వేషం వేసింది. శవం వేషానికే ఎక్కువ చప్పట్లు వచ్చాయని తనే చెప్పేది. మధ్యలో చాలా ఏళ్ళు స్టూడియోల్లో ఎవరెవరి వెనకో నిలబడి వంతపాట పాడింది. ఆ రికార్డుల మీద ఆవిడ పేరు కూడా లేదు. నేను జాలిపడితే నవ్వింది.

"పిచ్చిదానా, ముందు నిలబడితే నా గొంతే నాకు వినిపిస్తుంది. వెనక నిలబడితే అవతలి మనిషి ఊపిరి వినిపిస్తుంది. అది నేర్చుకోడానికే నాకు పదేళ్ళు పట్టింది."

ఇన్ని చోట్ల నిలబడ్డ మనిషికి సొంత ఊళ్ళో నిలబడే చోటు లేకుండా పోయింది. తప్పు తనదే, కాదనను.

మా దగ్గర మగవాడు లేచి ప్రసంగిస్తే, ఆడవాళ్ళు వెనక వరసలో నిలబడి పాడాలి. పాట లేని ప్రసంగం ఉప్పు లేని కూర. ప్రసంగం మరీ సాగితే మధ్యలోనే పాట ఎత్తుకుని ఆ పెద్దమనిషిని కూర్చోబెట్టే హక్కు కూడా మాదే. అయితే ఎత్తుకున్న పాట చివరిదాకా తెగకూడదు. తెగితే ఆ ఇంట్లో చావు తప్పదంటారు. అందుకే ఒకరు ఊపిరి తీసుకుంటుంటే పక్కవాళ్ళు రాగం లాగుతారు.

డెబ్బై నాలుగులో మా అమ్మమ్మ పోయినప్పుడు అక్క సిడ్నీ నుంచి వచ్చింది. పాడే ఆడవాళ్ళ వరసకు పెద్ద మా పెద్దమ్మ తే పాయా. ఆవిడే ముచ్చటపడి అక్కనే పాట ఎత్తుకోమంది. అక్క అద్భుతంగా ఎత్తుకుంది. మధ్యలో క్లబ్బు అలవాటు కొద్దీ రెండు క్షణాలు ఆగింది. క్లబ్బుల్లో ఆ మౌనానికి జనం పడిచస్తారు. ఇక్కడ, ముందున్న మనిషి ఆగేసరికి వరసంతా ఆగింది. పాట తెగింది.

మూడు నెలలకు పెద్దమ్మ భర్త పోయాడు. ఆయనకు గుండెజబ్బు ఏళ్ళ తరబడి ఉంది. అయినా పెద్దమ్మకు ఆ మాట ఎవరు చెప్తారు? మళ్ళీ అక్క వచ్చినప్పుడు వేలెత్తి వంటశాల చూపించింది.

"నువ్వక్కడ ఉండవే. అక్కడ ఆగినా మాడేది దుంపలే."

"సరే పెద్దమ్మా. హేనీ, కత్తెక్కడుందే?" అంది అక్క.

పదిహేడేళ్ళు అలాగే గడిచాయి. ఊళ్ళో ఏం జరిగినా వచ్చేది, నా పక్కన కూర్చుని దుంపలు ఒలిచేది. బయట పాట మొదలైతే కిటికీలోంచి వింటూ లోగొంతుకతో కలిపేది. నాకు ఒళ్ళు మండేది.

"ఎందుకక్కా ఈ మాటలు పడటం? అక్కడ నీకు పూలగుత్తులిస్తారు కదా."

"పూలగుత్తులిచ్చేవాళ్ళకి అమ్మమ్మ పేరు తెలీదే. ఈ పాటలో ఆవిడ పేరుంది. ఆ వరసలో నిలబడకుండా నేను చావను, చూస్తుండు."

తొంభై ఒకటిలో సభామందిరానికి కొత్త కప్పు వేసి పండగ చేశాం. పక్క లోయ నుంచి రెండు బస్సుల చుట్టాలు దిగారు. వరసలో మిగిలింది ఐదుగురు ఆడవాళ్ళు. అందులో ఇద్దరికి జ్వరం. హామియోరా మామయ్య లేచి, పూర్వీకులు వచ్చిన పడవ దగ్గర మొదలుపెట్టి, తన మోకాలి ఆపరేషన్ దాకా వచ్చాడు. ఎనభై ఒక్కేళ్ళ పెద్దమ్మకు చిర్రెత్తుకొచ్చింది. చటుక్కున లేచి పాట ఎత్తుకుంది. మామయ్య కూర్చున్నాడు.

అక్క చేతిలో కత్తి ఆగింది.

"కోపంలో శ్రుతి పైన పట్టిందే. అమ్మమ్మ పేరు దాకా ఊపిరి రాదు."

ఏప్రన్ మీద తొక్కలు కూడా దులుపుకోకుండా బయటికి నడిచింది. పెద్దమ్మ పక్కకు వెళ్ళలేదు, సరిగ్గా వెనక నిలబడింది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. అమ్మమ్మ పేరున్న చరణం వచ్చింది. పెద్దమ్మ గొంతు సన్నబడింది. అది ఆగకముందే దాని కింద ఇంకో గొంతు చేరింది. విరుపులు లేవు, వెన్న లేదు. ఎక్కడ ఒకరు ఆగారో, ఎక్కడ ఇంకొకరు అందుకున్నారో ఇద్దరి గొంతులూ పుట్టినప్పటినుంచి విన్న నాకే తెలియలేదు. పాట చివరిదాకా తెగలేదు. వచ్చిన చుట్టాలకు ఏ అనుమానమూ రాలేదు. ఉల్లిపాయలు తరగకుండానే నేను ఏడ్చాను.

పెద్దమ్మ వెనక్కి తిరిగింది.

"నిన్నెవరు పిలిచారే?"

"ఎవరూ పిలవలేదు పెద్దమ్మా."

"మరెందుకొచ్చావ్?"

"నీ ఊపిరి వినిపించింది."

పెద్దమ్మ భుజం పట్టి అక్కను అటు తిప్పి, ఏప్రన్ ముడి తనే విప్పింది. దాన్ని కిటికీలోంచి నా మీదికి విసిరింది.

"హేనీ, నీకింకో మనిషిని చూసుకో."

చూసుకోలేదు. ఆ రోజు నుంచి దుంపలన్నీ నేనొక్కదాన్నే ఒలుస్తున్నాను, కిటికీ తెరిచి పెట్టుకుని.