మార్తమ్మ టీచరుగారి ఐదు మాటలు

మొన్న మా ఆయన నడుముకి స్కాన్ తీయించడానికి తాడేపల్లిగూడెం వెళ్ళాను. తలుపు అవతల మిషను టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టగానే నా పెదవులు వాటంతట అవే కదిలాయి: పడవ, దీపం, గొడుగు, చెరుకు, తాళం. పక్కన కూర్చున్నావిడ నన్ను వింతగా చూసింది. చూస్తే చూసింది. నాకు మార్తమ్మ టీచరుగారు గుర్తొచ్చి, ఒక్కసారి ఆవిణ్ణి చూడాలనిపించింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో ఏలూరులో ఒక డాక్టరుగారి దగ్గర పనిచేసేదాన్ని. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళ మెదడు వయసుతో పాటు ఎలా మారుతుందో, జ్ఞాపకశక్తి ఎంతవరకు నిలుస్తుందో ఆయన పరిశోధిస్తుండేవారు. కొల్లేటి ఊళ్ళ నుంచి ఏటా వాళ్ళను వ్యానులో తీసుకొచ్చి, ఐదు మాటలు చెప్పి, కాసేపాగి మళ్ళీ అడిగి రాసుకోవడం నా పని. తర్వాత తలకు స్కాన్. మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన మార్తమ్మగారు ఆ గుంపుకి పెద్దదిక్కు. అందరి గాజులూ పిన్నీసులూ తీయించి తన చేతిసంచిలో వేసుకుని, భయపడేవాళ్ళకి ధైర్యం చెప్పేవారు.

రెండో ఏడు అవే మాటలు అడిగితే అందరూ ఐదుకి ఐదూ చెప్పేశారు. అదీ ఒకే వరుసలో, ఒకే రాగంలో! ఆరా తీస్తే, మొదటి ఏడు తిరుగు ప్రయాణంలో మార్తమ్మగారు వ్యానులో అందరిచేతా ఆ మాటలు వల్లె వేయించారట. ఏడాది పని నీళ్ళపాలైంది. చివాట్లు నాకు పడ్డాయి. ఒళ్ళు మండి వాళ్ళింటికి వెళ్ళాను.

"మనవాళ్ళు పరీక్ష తప్పితే నాకు చిన్నతనంగా అనిపించిందండీ," అన్నారావిడ. "తప్పు నాది. మీరెందుకండీ మాటపడటం?"

మర్నాడు ఏలూరొచ్చి డాక్టరుగారి ముందు అంతా ఒప్పుకున్నారు. కుర్చీ వేసినా కూర్చోలేదు. అంత పెద్దావిడ అలా నిలబడి తప్పు ఒప్పుకోవడం చూసి నా కోపం ఎటుపోయిందో తెలియలేదు.

మూడో ఏడు కొత్త మాటలు పెట్టాం. మార్తమ్మగారు రెండు చెప్పి ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ రెండే. జ్ఞాపకం తగ్గిందని తేలితే ఆవిణ్ణి ఈ గుంపులోంచి తప్పిస్తారని ఇద్దరికీ తెలుసు. మూడో మాట నా నోటిదాకా వచ్చింది.

"అందించకండి," అన్నారు మెల్లగా. "ఉన్నది ఉన్నట్టు రాయండి."

రెండు అని రాశాను. అంత కష్టమైన అంకె నేనెప్పుడూ రాయలేదు. తర్వాత చేసిన పరీక్షల్లోనూ తేడా కనిపించింది. మరుసటి ఏడు వ్యానులో ఆవిడ సీటులో ఎవరూ కూర్చోలేదు.

చివరిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, "ఎవరండీ మీరు?" అన్నారు.

"ఏలూరు నుంచండీ. స్కాన్‌కి తీసుకెళ్ళేదాన్ని."

ఆవిడ చేతులు కట్టుకుని నిటారుగా కూర్చున్నారు. పడవ, దీపం, గొడుగు, చెరుకు, తాళం. మొదటి ఏటి మాటలు, పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసి నా మొహంలోకి చూశారు.

"మీరు అందించలేదు కదండీ?"

"లేదండీ," అన్నాను.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఏ కాగితం మీద ఏం రాయాల్సి వచ్చినా, ఉన్నది ఉన్నట్టు రాయండన్న ఆ మెల్లని గొంతు నా చెవిలో ఉంటుంది. మొన్న మా ఆయన బయటికి వచ్చేదాకా ఆ ఐదు మాటలే పదే పదే చెప్పుకుంటూ కూర్చున్నాను. ఒకసారి నాలుగో మాట దగ్గర తడబడ్డాను. అందించడానికి ఆవిడ లేరు.