పున్నమి బార్‌లో ప్యాడ్ వాయించిన మట్టయ్య

ఇరవై ఏళ్లకు పైగా మా ఇంట్లో మధ్యాహ్నం పన్నెండు దాటనిదే మిక్సీ తిరగలేదు. మా ఆయన ఎల్బీనగర్‌లో డ్యూటీ ముగించుకొని వచ్చి, తిని పడుకునేసరికి పాలవాళ్లు బయలుదేరే వేళ అయ్యేది. అందుకని పొద్దున గిన్నెలు కింద గుడ్డ పరుచుకుని తోమేదాన్ని. విజిల్ మోగుతుందని కుక్కర్ మానేసి, పప్పు గిన్నెలోనే ఉడకబెట్టేదాన్ని. పోయినేడు వానాకాలంలో ఒక రోజు కూడా అలాగే చప్పుడు చేయకుండా పని చేసుకున్నాను. పన్నెండు దాటాక మిక్సీ వేశాను. ఆయన లేవలేదు. తెల్లవారుజామునే గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు.

ఇప్పుడు ఆరింటికే మిక్సీ వేస్తున్నాను. పచ్చడి అక్కర్లేని రోజు కూడా వేస్తున్నాను.

ఆయన పేరు మట్టయ్య. నల్లగొండ అవతల పల్లె. పెళ్లికి ముందే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు హమాలీ పనికి వచ్చాడు. బత్తాయి లారీ వచ్చేదాకా ఖాళీ పెట్టెల మీద వేళ్లతో దరువు వేస్తూ కూర్చునేవాడట. మార్కెట్‌లో శనివారం భజన చేసేవాళ్లు అది చూసి ఢోలక్ చేతికిచ్చారు. ఆ భజనలో హార్మోనియం వాయించే మనిషి సాయంత్రాలు ఒక బార్‌లో పాటలకు కీబోర్డు వాయించేవాడు. "ఎన్నేండ్లు మోస్తవ్‌రా పెట్టెలు" అని వెంట తీసుకుపోయాడు. కొన్నాళ్లకు ఢోలక్ పోయి ఎలక్ట్రిక్ ప్యాడ్ వచ్చింది. పలక లాంటి దాన్ని రెండు పుల్లలతో కొడితే తబలా, డప్పు, డ్రమ్ము అన్నీ అందులోనే పలుకుతాయి. అప్పటినుంచి అన్నం తింటున్నా ఆయన ఎడమ చేయి నేల మీద ఆడుతూనే ఉండేది.

బార్‌లో చుక్క ముట్టేవాడు కాదు, తాళం తప్పుతుందని. ఆదివారం మాత్రం ఇంట్లో నా ఎదురుగా కూర్చుని తాగేవాడు. మాకు పిల్లలు లేరు. ఆ పూట ఆయన మాట్లాడేవాడు, నేను వినేదాన్ని. కానీ ఆయన వాయిస్తుంటే నేను ఒక్కసారి కూడా చూడలేదు. అది ఆడవాళ్లు వెళ్లే చోటు కాదని ఎవరూ అనలేదు, అననక్కర్లేదు కూడా.

మా బావ అంతయ్య, అంటే ఆయన అన్న, తమ్ముడి పని సంగతి బంధువుల్లో ఎత్తేవాడు కాదు. పదకొండో రోజు గల్లీలో ఫ్లెక్సీ కట్టించింది బావే. ఆధార్ కార్డులోని ఫోటో పెట్టించాడు. ఆ కార్డులో ఎవరి మొహమైనా పోలీసులు పట్టుకొచ్చినట్టే ఉంటుంది. కింద 'పండ్ల వ్యాపారి' అని రాయించాడు. ఆయన జీవితంలో ఒక్క పండు అమ్మలేదు. అప్పుడు నాకు నోరు రాలేదు. ఆ ఫ్లెక్సీ గాలికి చిరిగిపోయేదాకా, చచ్చిపోయింది ఎవరో వేరే మనిషైనట్టు దాని కిందినుంచి నడిచాను.

సంవత్సరీకం దగ్గరపడ్డాక బావకు ఫోన్ చేసి, ఈసారి ఫ్లెక్సీ నేనే చేయిస్తానని చెప్పాను.

"కొత్తది ఎందుకు? గా పాతదే ఉన్నది కదా నా ఫోన్ల."

"అది ఆయన కాదు బావా. ప్యాడ్ వాయించే ఫోటో పెడ్త."

"నీకేమన్న పిచ్చి లేసిందా? మౌనికను అడిగినోళ్లు గదే రోజు భోజనానికి ఒస్తున్నరు. పిల్ల చిన్నాయిన బార్ల డప్పు కొట్టెటోడని గల్లీల కడ్తవా?"

"కొట్టిండు కదా" అని పెట్టేశాను.

మౌనిక బావ కూతురు. మంచి పిల్ల. దాని పెళ్లి చెడాలని నాకెందుకుంటుంది? కానీ ఏడాది పొడుగునా దేవుడి ముందు కూర్చుని నేను అడుక్కున్నది ఒక్కటే. ఈసారైనా ఆ గల్లీలో నా మొగుడు నా మొగుడిలా కనబడాలి.

అయితే ఆ ఫోటో నా దగ్గర లేదు. ఎవరి దగ్గరుందో కూడా తెలియదు.

ఒక సాయంత్రం దీపం పెట్టి, మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగాను. పున్నమి బార్ అన్న పేరొక్కటే తెలుసు. రోడ్డు పొడుగునా ఎర్ర లైట్లవి కొన్ని, నీలి లైట్లవి కొన్ని, అన్నిటి మీదా 'బార్ అండ్ రెస్టారెంట్' అనే. మొదటి దాని మెట్లు లోపలి డీజే చప్పుడుకు అదురుతున్నాయి. మెట్ల కింద కుర్చీ వేసుకున్న వాచ్‌మన్ నన్ను చూడగానే లేచాడు.

"ఏ టేబులమ్మా మీ ఆయనది? పేరు చెప్పు, నేను తోలుకొస్త. మీదికొచ్చి లొల్లి జెయ్యకు."

"ఏ టేబులు లేదు. మా ఆయన చచ్చిపోయిండు."

అతను బిత్తరపోయాడు. "మరి ఎవల కోసం ఒచ్చినవ్?"

"ఆయన కోసమే. పున్నమి యాడున్నది?"

చేయి చాపి చూపించాడు. మధ్యలో ఇంకో చోట అడిగితే, కౌంటర్ మనిషి పార్సిల్ కోసం అనుకుని నల్ల కవరు తీశాడు. "ఏం బ్రాండ్ అక్కా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎన్ని నెలలైందో నవ్వి.

పున్నమి లోపల స్టేజీ అంటే మంచం కంటే కాస్త పెద్ద చెక్క బల్ల. ఇంకా జనం నిండలేదు. మెరుపుల చీర మీద శాలువా కప్పుకుని, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు తాగుతున్న ఆమెను గుర్తుపట్టాను. సూర్యప్రభ, పాటలు పాడే ఆమె. కోస్తా మనిషి. పదకొండో రోజు మా ఇంటికి వచ్చి, బావ చూసిన చూపుకు మెట్ల మీదనుంచే దండం పెట్టి వెళ్లిపోయింది.

"అయ్యో వదినగారూ! మీరేంటండీ ఇక్కడికి? కబురు చేస్తే నేనే వచ్చేదాన్ని కదా."

"నువ్వు మెట్ల దాంకనే ఒస్తవ్. అందుకే నేనే ఎక్కి ఒచ్చిన."

ఆమె నా చేయి పట్టుకుని స్తంభం పక్కకు తీసుకుపోయింది. అక్కడ ప్లగ్గు, చుట్టిన వైరు, ఖాళీ స్టూలు ఉన్నాయి. "మీ ఆయన సీటు ఇదేనండి. ఇప్పుడు కీబోర్డులో మీట నొక్కితే అదే కొట్టేస్తోంది. వేరే మనిషిని పెట్టలేదు ఓనరు."

ఫోటో అడిగాను. ఆమె గోడ వైపు చూపించింది. 'ఫోటోలు, వీడియోలు తీయరాదు.'

"తాగేవాళ్లు ఒప్పుకోరండీ, ఇంట్లో తెలుస్తుందని. ఎప్పుడో మా బోర్డు కోసం ఒక్కటి తీశారు. కింద రోడ్డు మీదుంది, మీరు దాని కిందినుంచే వచ్చుంటారు. మొహమంతా నాదే. నా భుజం వెనక ఆయన సగమే పడ్డారు."

"సగం చాలు" అన్నాను.

ఆమె ఖాళీ స్టూలు మీద చేయి వేసి, "ఆయన ఏం చేసేవారో మీకు చెప్పారా వదినగారూ?" అంది.

"పాటకు కొట్టేది కాదా?"

"పాటకు కొడితే అందరూ కొడతారండీ. ఇక్కడ ఎవడో ఒకడు రోజూ తాగి నన్నో మాట అంటాడు. అది వాడి నోట్లోంచి వచ్చేలోపే మీ ఆయన పెద్ద డ్రమ్ము ఢామ్మని కొట్టేవారు. ఆ మాట ఎవరికీ వినబడేది కాదు, నాతో సహా. జనం అదీ పాటలోదే అనుకుని చప్పట్లు కొట్టేవారు. ఎవడు ఎప్పుడు నోరు తెరుస్తాడో ఆయనకెలా తెలిసేదో!"

ఆదివారాలు ఆయన చెప్పిన మాటల్లో ఈ మాట లేదు.

వెంటనే లేచి రాబుద్ధి కాలేదు. మూల టేబుల్ దగ్గర కూర్చున్నాను. వెయిటర్ అడగకుండానే ఉడకబెట్టిన పల్లీలు, సోడా పెట్టాడు. ముందు దేవుడి పాట పాడారు, తర్వాత పాత పాటలు. జనం నిండారు. నన్ను చూసి పక్క టేబుల్ వాళ్లు గుసగుసలాడారు. తల వంచుకోకుండా పల్లీలు ఒలుచుకుని తిన్నాను. సూర్యప్రభ గొంతు బాగుంది. మీట నొక్కిన దరువు మాత్రం గోడ గడియారంలా కొట్టుకుంటోంది.

మూడో పాటలోనో నాలుగో పాటలోనో ఒకడు చేయెత్తి ఆమెను ఒక మాట అన్నాడు. రాయలేను. ఆ మాట హాలంతా వినబడింది. ఆమె గొంతు తడబడింది. కీబోర్డు దరువు తన మానాన తను కొట్టుకుంటూనే ఉంది. నా అరచేయి వెళ్లి టేబుల్ మీద ఎంత గట్టిగా పడిందంటే పల్లీల గిన్నె ఎగిరి కింద పడింది. అందరూ నా వైపు తిరిగారు. ఆ మాటన్నవాడూ తిరిగాడు.

"ఏందమ్మా?" అన్నాడు.

"పాట వింటున్న. నువ్వు గూడ విను" అన్నాను.

వాడు కూర్చున్నాడు. సూర్యప్రభ ఆ చరణం మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

నేను బయలుదేరేముందు ఆమె కిందికి వచ్చి, బోర్డు ఫోటో తన ఫోన్‌తో తీసి నాకు పంపింది. "నా మొహం కూడా వస్తుంది. మీవాళ్లు ఊరుకుంటారా?" అని అడిగింది. రానీ అన్నాను. "సంవత్సరీకానికి ఈసారి మెట్లెక్కి లోపలికి రా" అని కూడా చెప్పాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లెక్సీలు వేసే ప్రసన్నకుమార్ ఆ ఫోటో చూసి తల గోక్కున్నాడు. "సగమే ఉన్నది కదమ్మా. ఈమెను లేపేసి, ఆధార్ ఫోటో అతికిస్తే నీట్‌గ ఉంటది."

"ఎవర్నీ లేపకు. ఎట్లున్నదో గట్లనే వెయ్యి. కింద రాసుకో. మట్టయ్య, ప్యాడ్ వాయించేవాడు, పున్నమి బార్, ఎల్బీనగర్."

"బార్ అని కూడా వెయ్యాల్నా?"

"గది పెద్దగ వెయ్యి."

సంవత్సరీకం రోజు పొద్దున్నే బాల్కనీ గ్రిల్లుకు నేనే కట్టాను. బావ వంటవాళ్లతో వచ్చి, గల్లీలో నిలబడి చాలాసేపు చూశాడు. మోకాళ్ల నొప్పితో ఒక్కో మెట్టు ఎక్కి పైకి వచ్చాడు.

"ఏంది యాదలక్ష్మీ ఇది? సచ్చినోని పక్కన పాటలామె!"

"పక్కన కాదు బావా. ఆమె ముంగట, ఆయన వెనక. రోజు గట్లనే ఉండె."

"నేనేమన్న వానికి శత్రువునా? వానితోని సమానంగ నేను గూడ పెట్టెలు మోసిన. పిల్ల బతుకు చూస్తున్న."

"నేను ఆయన బతుకు చూస్తున్న. ఒక మనిషిని దాస్తేనే కుదిరే సంబంధం, రేపు మౌనికను గూడ ఏదో ఒకటి దాసుకోమంటది."

"నోరు బాగనే లేసింది నీకు" అన్నాడు. కోపంగా అన్నాడో, ఇంకెలా అన్నాడో తెలియలేదు. తమ్ముడి సగం మొహం వైపు మళ్లీ చూశాడు. అంతలో ఫోన్ మోగింది. పెళ్లివాళ్లు మెట్రో స్టేషన్‌లో దిగారట. బావ గొంతు తగ్గించి, జేబులోంచి సుతిలి తాడు ఉండ తీసి నా చేతిలో పెట్టాడు.

"మొత్తం తియ్యకు. నీ మాటే ఉండనీ. గా కింది వరుస ఒక్కటి మడిచి కట్టు. బార్ అన్నది కనబడకుంటే చాలు. నేను తోలుకొచ్చే వరకు అయిపోవాలె. సరేనా?"

నా జవాబు కోసం ఆగకుండా బావ దిగి వెళ్లిపోయాడు.

సుతిలి ఉండను కిటికీలో పెట్టాను. సూర్యప్రభ వచ్చింది. ఈసారి మెట్ల దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చి, దండం పెట్టుకుని, వంటవాళ్ల పక్కన విస్తర్లు తుడుస్తూ కూర్చుంది. నేను బాల్కనీలో కుర్చీ వేసుకున్నాను. కాసేపటికి గల్లీ మలుపులో ఆటో కనిపించింది. ముందు బావ, వెనక తెల్లచొక్కాల మనుషులు. ఆటో మా ఇంటి ముందు ఆగింది. బావ దిగి తలెత్తి చూశాడు. పెళ్లికొడుకు తండ్రి కూడా కళ్లజోడు సవరించుకుని, కింది వరుస నుంచి చదవడం మొదలుపెట్టాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు.