పులిసిన మాట

మొన్న మా చెల్లెలి కొడుకు, పళ్లతో వైన్ చేసేచోటు చూసొచ్చానంటూ నేరేడు వైన్ సీసా ఒకటి పట్టుకొచ్చాడు. మూత తీయగానే ఆ వగరు వాసన వంటింటిదాకా వచ్చింది. "ఒక్క చుక్క రుచి చూడు పెద్దమ్మా" అన్నాడు. వద్దన్నాను. వయసు మీదపడింది కదా అనుకున్నాడు పాపం. వయసు కాదు, మార్తమ్మ గారు గుర్తొచ్చారు.

ఇందుకూరుపేట దగ్గర మిషన్ బడిలో ఆమె పెద్ద టీచరు, నేను పందొమ్మిదేళ్ల కొత్త టీచరును. మద్యనిషేధం గట్టిగా ఉన్న రోజులు. మా చర్చి సంఘంలో ప్రభు బల్లకు, అంటే ఆరాధనలో అందరికీ తలా కాస్త పంచేందుకు, ద్రాక్షారసం చేసే పని ఆమెది. మా వైపు ద్రాక్ష ఎక్కడ పండి చచ్చింది? నేరేడుపళ్లు పిసికి, వడగట్టి, అదే పూట కాచి సీసాల్లో పోసేవారు. పేరు మాత్రం ద్రాక్షారసమే. కాచకపోతే పులుస్తుంది, పులిస్తే అది సారాయికి చుట్టం అనేవారు.

పళ్లరసం చేసే ఇల్లు ఎక్కడుందని విన్నా వెళ్లి చూడాల్సిందే, అదొక పిచ్చి ఆమెకు. సెలవుల్లో నన్ను వెంటేసుకుని బస్సుల్లో, ఎడ్లబండ్లలో తిరిగేవారు. కోవూరులో ఒకామె నేరేడులో దానిమ్మ కలిపేది. వాకాడు దగ్గర ఒక జాలరి ఇంట్లో జీడిమామిడి పండు రసం తీసేవాళ్లు, అది గొంతు పట్టేసేది. మార్తమ్మ గారు చెంచాడు నోట్లో పోసుకుని కళ్లు మూసుకునేవారు. "దీన్ని ఆ పూటే కాచలేదు గదా, తెల్లారిందాకా పెట్టినారు" అనేవారు. ఆ ఇంటామె నాలుక కరుచుకునేది.

"ఎట్టా తెలిసిందండీ?" అని అడిగాను.

"నాలిక్కి అబద్ధం రాదమ్మే. మనకే వస్తుంది."

మూడో ఏడు, నేరేడుపళ్ల కాలంలో ఒక శనివారం, ఆమె పెళ్లికి వెళ్తూ బడిలో ఉన్న కుండెడు రసం నాకు అప్పగించారు. "ఈ పూటే కాచాల. మర్చిపోబాకు" అన్నారు. నేను స్నేహితురాళ్లతో మైపాడు సముద్రానికి పోయి, అలిసొచ్చి పడుకున్నాను. సోమవారం చూస్తే కుండనిండా నురగ. ఆమె తిరిగొచ్చినా, చెప్దామనుకుంటూనే ఉన్నాను. ఈలోగా ఎవరో పుణ్యాత్ముడు ఆకాశరామన్న ఉత్తరం రాశాడట, ఎస్సై గారు బడికే వచ్చేశారు.

"ఏంది టీచరమ్మా ఇది?"

"ద్రాక్షారసం సార్. ప్రభు బల్లకి" అన్నారు మార్తమ్మ గారు.

"నేరేడు వాసనొస్తుంటే ద్రాక్షంటారే" అని ఆయన నవ్వారు. పాడైపోయిందంటే పారబోయించి వదిలేస్తారనుకుని, "పులిసిపోయింది సార్" అన్నాను. మజ్జిగ గురించి అన్నట్టే అన్నాను. ఆయన ఆ మాటే కాగితం మీద రాసుకున్నారు. కుండ ఎవరిదని అడిగారు. మార్తమ్మ గారు నా వైపు ఒకసారి చూసి, "నాదే సార్" అన్నారు.

పోలీసులు మందలించి వదిలేశారు. సంఘం వదల్లేదు. పోలీసులకు పులిసిందంటే సారాయి, మా పెద్దలకు పులిసిందంటే పాపం. "పులిసినదాన్ని ప్రభువు బల్ల మీదికి తెస్తావా?" అని సంఘ పెద్ద అందరి ముందూ నిలదీశాడు. ఇరవై ఏళ్లు ఆమె చేతి రసం తాగిన నోళ్లు ఒక్కటీ లేవలేదు. అందులో నాది మరీ పాపిష్టి నోరు. ఆమెను బడి ఉద్యోగం మాన్పించారు. రసం పని నాకిచ్చారు. సిగ్గులేకుండా తీసుకున్నాను.

మొదటిసారి నేను చేసిన రసం పంచిన ఆదివారం ఆమె చివరి వరసలో కూర్చున్నారు. చిన్న గ్లాసు అందుకుని, ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నారు.

"ఈసారి ఆ పూటే కాచినావే."

సంఘ పెద్ద నాలుగడుగుల దూరంలో చెప్పులు వేసుకుంటున్నాడు. పిలిస్తే పలికేవాడు. నేను "వస్తానండీ" అని తల వంచుకుని వచ్చేశాను. ఆ వారంలోనే ఆమె వాకాడులో చెల్లెలింటికి వెళ్లిపోయారు, అక్కడే పోయారు.

ఇప్పటికీ మా ఇంట్లో పాలైనా పులుసైనా మరునాటికి ఉంచను. "కాచనిది నేనండీ" అన్న మాట ఒక్కటే ఇన్నేళ్లూ ఉంచేశాను.