ఆ మూలకు బండలు వద్దు

ఇంటెనుక గ్రీన్‌హౌస్ కట్టుకున్నప్పుడు నా ఫికరంత కింద ఏం పరవాలన్నదే. పైపులు నిలవెట్టుడు, పచ్చ జాలి కట్టుడు అయిపోయింది. వాన పడితే మాత్రం లోపల బురదే బురద. బీర్కూర్‌ల మా అక్క మొరం పోయించింది, గడ్డి మొలిచి అంత ఆగమాగం. సిమెంటు పోస్తే నీళ్లు ఇంకయి. షాబాద్ బండలైతే సందులల్ల నీళ్లు ఇంకుతయి, పురుగూ పుట్రా ఉంటే కనవడ్తది. బండలే అని తేల్చిన.

"ఆ మూలకు మాత్రం వద్దు బిడ్డా" అన్నది అత్తమ్మ.

ఆ మూల సంగతి ఇంట్ల అందరికీ ఎరుకే. మా ఆయన కంటే ముందు అత్తమ్మకు ఒక ఆడపిల్ల పుట్టి, పేరు వెట్టకముందే పోయింది. పసిగుడ్డును కాల్చరు గదా, పెరట్లనే పూడ్చిపెట్టిండ్రు. అప్పటి సంది రోజూ పొద్దున అత్తమ్మ ఆ మూలకు చెంబెడు నీళ్లు పోస్తది. పిల్లకు దూపైతదట.

నాకు మండింది. "మూల ఇడిసిపెడ్తే బురద నాకెట్ల తప్పుతది?" అని గయ్యిమన్న. కోపం పైకే, లోపల భయమే. ఆ మూలకు పెట్టిన మిరపనారు ఎండ దిక్కు తిరుగకపోతుండె. ట్రే తిప్పి పెట్టినా మల్ల వంటింటి గోడ దిక్కే వంగుతుండె. నవ్వుతరని ఎవలకూ చెప్పలే.

పోరు నష్టం, పొందు లాభం అని ఒక మాట అనుకున్నం. ఎముకో మన్నో, ఏముంటే అది తీసి మంజీర ఒడ్డున పద్ధతిగ పెట్టి రావాలె, ఆ తర్వాతనే బండలు. అత్తమ్మ సరేనన్నది. సందుగల కెల్లి కొత్త తెల్ల గుడ్డ తెచ్చి ఒడిల పెట్టుకొని కూసున్నది.

మేస్త్రీ నడుములోతు తవ్విండు. ఏం లేదు. పైన జానెడు దిగంగనే గట్టి ఎర్ర మొరం, గడ్డపార మోగుతుండె. "అక్కా, గీ నేల ఎన్నడూ తవ్వినట్టే లేదు" అన్నడు.

"అత్తమ్మా, గీ మూలనే అని నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తరు? నేను పురిట్ల ఉంటి. అటెనుక మా అవ్వగారింటికి తోలిండ్రు. తిరిగొచ్చినంక అడుగొద్దన్నరు. పేరు లేని పిల్లను యాది జేసుకుంటే పుట్టబోయేటోళ్లకు మంచిది గాదన్నరు. గీడ ఒక బండ పెట్టి ఉండె. కుక్కలు తవ్వకుంట పెట్టిండ్రు, గిదే అయితదనుకున్న."

మామ లేడు, ఆయన తల్లి లేదు. అడుగుదామంటే ఇగ ఎవలున్నరు?

"అయ్యో, ఇన్నేండ్లు నేను ఎవలకు నీళ్లు పోసిన బిడ్డా?" అన్నది. నాకు ఏడుపాగలే.

అత్తమ్మ పెరడంత కలియజూసింది. "అప్పుడు వంటిల్లు లేకుండె. గా జాగంత పెరడే" అని మెల్లగ అనుకుంట లోపలికి పోయింది. నేను ఎనుకనే పోయిన. పొయ్యి ముందట, నేను దినాం నిలవడి వండే కాడ, టైల్స్ మీద కూలవడ్డది. అరచెయ్యి ఆనిచ్చి, తెల్ల గుడ్డ పక్కన పరిచింది.

"గివి లేవదీయొస్తదా?" అని అడిగింది.

బండలు పరవాల్నా వద్దా అని బయట మేస్త్రీ పిలుస్తనే ఉన్నడు. నేను టైల్ మీద కెల్లి కాళ్లు తీసి ఏడ పెట్టాల్నో తెల్వక నిలవడ్డ.